పల్లెలో పసరు మందు: నాటు వైద్యుడికి చట్టంలో చోటుందా? తేడా వస్తే రోగికి దిక్కెవరు?

బద్వేలు దగ్గరి ఊరి నుంచో, ఆత్మకూరు పక్కన పల్లె నుంచో అమ్మ ఫోన్ చేస్తుంది. ‘‘నాయనకు కామెర్లు తగిలినాయి రా. నువ్వేం భయపడొద్దు. ఆదివారం పొద్దున్నే పోయి పసరు తాగించుకొస్తాం’’ అంటుంది. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసుకుంటున్న కొడుక్కి ఏం చెప్పాలో తోచదు. వద్దంటే అమ్మ నొచ్చుకుంటుంది. చిన్నప్పుడు తనకూ అదే పసరు పోయించారు, తగ్గింది కూడా. సరే అంటే మనసు ఒప్పుకోదు.

కర్నూలు, కడప ప్రాంతాల కుటుంబాలకు ఇది కొత్త సంగతి కాదు. కామెర్లకు ఒక ఊరు, విరిగిన ఎముకకు ఒక ఊరు, తేలుకాటుకు ఒక మనిషి అని పెద్దవాళ్ల దగ్గర ఒక లెక్క ఉంటుంది. ఆ మనిషి బోర్డు పెట్టుకోడు. చాలాచోట్ల డబ్బులూ తీసుకోడు. అసలు ఆయన చేసేది చట్టం ఒప్పుకుంటుందా? మందు వికటిస్తే ఎవరిని అడగాలి? ఎప్పుడు పసరు మీద నమ్మకం పక్కనపెట్టి ఆసుపత్రికి పరుగెత్తాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

క్లుప్తంగా నాలుగు మాటలు

* రిజిస్టర్‌లో పేరు లేని వ్యక్తి ఆయుర్వేద, సిద్ధ, యునానీ వైద్యుడిగా వైద్యం చేయకూడదు. తరతరాల అనుభవం ఉన్నా ఇదే నిబంధన.
* అదే వ్యక్తిని జీవవైవిధ్య చట్టం, అటవీ హక్కుల చట్టం మాత్రం గుర్తిస్తున్నాయి. అంటే మూలిక సేకరించేవాడిగా ఆయనకు గుర్తింపు ఉంది, వైద్యం చేసేవాడిగా లేదు.
* ఈ ఖాళీ వల్ల ఎక్కువగా నష్టపోయేది రోగి. చీటీ ఉండదు, రికార్డు ఉండదు, వినియోగదారుల కోర్టుకు వెళ్లే దారీ దాదాపు ఉండదు.
* పాముకాటు, గర్భిణికి కామెర్లు, చర్మం చీల్చుకుని బయటికొచ్చిన ఎముక. ఈ మూడింటికి పసరు, కట్టు కోసం ఎదురుచూడకూడదు.

నాటు వైద్యుడు అంటే ఎవరు?

పల్లెల్లో ‘డాక్టరు’ అని పిలిచేవాళ్లంతా ఒకటి కాదు. ముందు ఈ తేడా తెలియాలి.

మొదటివారు ఆయుష్ వైద్యులు. ఆయుర్వేదంలో బీఏఎంఎస్, యునానీలో బీయూఎంఎస్ లాంటి డిగ్రీ చదివి, రిజిస్టర్ అయినవాళ్లు. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ యునానీ వైద్య కళాశాల ఉంది. తిరుపతిలో టీటీడీ నడిపే ఎస్వీ ఆయుర్వేద కళాశాల ఉంది. ఇలాంటి చోట్ల చదివినవాళ్లకు వైద్యం చేసే హక్కు చట్టబద్ధంగా ఉంటుంది.

రెండోవారు ఊళ్లలో ఆర్‌ఎంపీలుగా చెలామణి అయ్యేవాళ్లు. వీళ్లు ఇచ్చేది ఇంగ్లిష్ మందులు, సూదులు, సెలైన్లు. వీళ్ల సంగతి వేరే కథ.

మూడోవారే నాటు వైద్యులు. తండ్రి నుంచో, మేనమామ నుంచో, అత్త నుంచో ఆకులూ వేర్లూ నేర్చుకున్నవాళ్లు. ఎక్కువమంది పూర్తికాలం వైద్యులు కారు. పొద్దున గొర్రెలు కాసుకుంటారు, సేద్యం చేసుకుంటారు, ఎవరైనా వస్తే మందు నూరి ఇస్తారు. తెలిసింది ఒకటి రెండు జబ్బులకే అయినా చుట్టుపక్కల ఇరవై ఊళ్లలో పేరు ఉంటుంది. మందు పేరు బయటికి చెబితే గుణం పోతుందని, డబ్బు తీసుకుంటే హస్తవాసి పోతుందని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఈ రెండు ప్రాంతాల్లో ఈ వైద్యం నిలబడటానికి కారణం పక్కనే ఉన్న అడవి. నల్లమల, ఎర్రమల, వెలిగొండ, లంకమల, పాలకొండలు, శేషాచలం. కింద ఎండిన చేలు, పైన మూలికల కొండలు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఆత్మకూరు, శ్రీశైలం, అహోబిలం వైపు నల్లమల నంద్యాల జిల్లాలోకి వెళ్లింది. అక్కడి చెంచులను కేంద్రం అత్యంత బలహీన గిరిజన సమూహాల్లో ఒకటిగా గుర్తించింది. చెంచుల మూలికా జ్ఞానం మీద, సీమ జిల్లాల పల్లె వైద్యం మీద ఇక్కడి విశ్వవిద్యాలయాల వృక్షశాస్త్ర పరిశోధకులు ఏళ్లుగా పనిచేస్తున్నారు. ఏ మొక్కను ఏ జబ్బుకు వాడుతున్నారో రాసిపెడుతున్నారు. ఆ జాబితాలు పరిశోధన పత్రికల్లో ఉన్నాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కూర్చున్న డాక్టరు బల్ల మీదికి మాత్రం రాలేదు.

వైద్యం చేసే హక్కు గురించి చట్టం ఏం చెబుతోంది?

భారతీయ వైద్య విధానాలకు ఒకప్పుడు 1970 నాటి కేంద్ర మండలి చట్టం ఉండేది. దాని స్థానంలో భారతీయ వైద్య విధాన జాతీయ కమిషన్ చట్టం, 2020 వచ్చింది. 2021లో అమల్లోకి వచ్చింది. రాష్ట్ర రిజిస్టర్‌లోనో జాతీయ రిజిస్టర్‌లోనో పేరున్నవాళ్లే అర్హత గల వైద్యులుగా ప్రాక్టీసు చేయాలి. పేరు లేకుండా చేస్తే శిక్ష ఉంటుంది.

‘మా తాత నుంచి చేస్తున్నాం, మాకెందుకు వర్తిస్తుంది?’ అన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కేరళలోని పారంపర్య వైద్యుల సంఘం ఈ వాదన వినిపించింది. 2018 ఏప్రిల్ 13న కోర్టు తీర్పు ఇచ్చింది. గుర్తింపు పొందిన అర్హత, రిజిస్ట్రేషన్ లేకుండా సంప్రదాయ వైద్యం పేరుతో ప్రాక్టీసు చేయడానికి వీల్లేదని చెప్పింది. శిక్షణ లేనివాళ్లు ప్రజల ప్రాణాలతో ఆడుకోకూడదన్నది ఆ తీర్పు సారం.

1970 చట్టం వచ్చిన రోజుల్లో, అప్పటికే ఏళ్ల తరబడి వైద్యం చేస్తున్నవాళ్లకు కొన్ని షరతులతో రక్షణ ఉండేది. ఆ తరం దాదాపు దాటిపోయింది. వాళ్ల కొడుకులకు, మనవళ్లకు ఆ రక్షణ వారసత్వంగా రాదు.

మందు తయారీ సంగతి?

1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం ప్రకారం ఆయుర్వేద, సిద్ధ, యునానీ మందులు అమ్మకానికి తయారు చేయాలంటే లైసెన్సు కావాలి. అయితే ఇందులో ఒక ఆసక్తికరమైన మినహాయింపు ఉంది. వైద్యులు, హకీములు తమ సొంత రోగుల కోసం తయారు చేసుకునే మందుకు ఈ లైసెన్సు నిబంధన వర్తించదు.

కాబట్టి ఎదురుగా ఉన్న రోగికి నూరి ఇచ్చే మందు వేరు, సీసాల్లో పోసి వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుని కొరియర్‌లో పంపే మందు వేరు. రెండోది లైసెన్సు లేకుండా చేస్తే నేరుగా చట్ట ఉల్లంఘనే. మొదటిదానికి లైసెన్సు అక్కర్లేకపోయినా, వైద్యం చేసే అర్హత ఉందా అన్న ప్రశ్న అలాగే నిలిచి ఉంటుంది.

ఇక ప్రచారం. 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం కొన్ని జబ్బులను జాబితాగా ఇచ్చింది. మధుమేహం, క్యాన్సర్, పక్షవాతం, మూర్ఛ, రక్తపోటు, మూత్రపిండాల్లో రాళ్లు ఇందులో ఉన్నాయి. వీటిని నయం చేస్తామని ఎవరూ ప్రకటన ఇవ్వకూడదు. డిగ్రీ ఉన్నా, లైసెన్సు ఉన్నా ఇవ్వకూడదు. ‘షుగరు శాశ్వతంగా మాయం’ అని మీ ఫోన్‌లో కనిపించే రీల్ ఈ చట్టం పరిధిలోకే వస్తుంది.

మరి గుర్తింపు ఎక్కడ ఉంది?

విచిత్రం ఇక్కడే ఉంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం వైద్యులను, హకీములను పేరుపెట్టి ప్రస్తావిస్తుంది. మొక్కలను వాణిజ్య అవసరాలకు వాడుకునే కంపెనీలు రాష్ట్ర జీవవైవిధ్య మండలికి ముందుగా తెలియజేయాలి. స్థానికులకు, జీవనోపాధిగా దేశీ వైద్యం చేసుకునేవాళ్లకు ఆ అవసరం లేదు. 2023లో చట్టాన్ని సవరించినా ఈ మినహాయింపు కొనసాగింది. ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య కమిటీ ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి. ఊళ్లో మందు మొక్కలు తెలిసిన మనిషి ఎవరన్నదీ అందులో నమోదు చేస్తారు.

2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో మందు మొక్కలను, మూలికలను చేర్చింది. చెంచుల లాంటి అటవీ వాసులకు వాటిని సేకరించుకునే, అమ్ముకునే హక్కు ఇచ్చింది.

అంటే ఒకే మనిషి ఒక ప్రభుత్వ రిజిస్టర్‌లో జ్ఞానమున్నవాడు, మరో ప్రభుత్వ శాఖ దృష్టిలో అనర్హుడు. కొండ ఎక్కి వేరు తవ్వడం హక్కు. దిగివచ్చి ఆ వేరు నూరి పక్కింటి మనిషికి వైద్యుడిగా ఇస్తే తప్పు. ఈ వైరుధ్యాన్ని అందరూ చూసీచూడనట్టు వదిలేస్తున్నారు. ఏదైనా ప్రాణం పోయినప్పుడో, జనం వేలల్లో పోగైనప్పుడో మాత్రమే అధికారులు కదులుతారు.

కృష్ణపట్నంలో జరిగింది అదే

2021 మే నెల గుర్తుందా? కరోనా రెండో దశ. పడకలు లేవు, ఆక్సిజన్ లేదు. నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో బొనిగి ఆనందయ్య ఉచితంగా ఇస్తున్న మందు కోసం వేలమంది తరలివచ్చారు. అంబులెన్సుల్లోనూ వచ్చారు. మే 21న పంపిణీ ఆగింది. ఆయుష్ శాఖ ఆ మందును ఆయుర్వేద ఔషధంగా గుర్తించలేదు, నాటు మందు అంది. కేంద్ర ఆయుర్వేద పరిశోధన మండలి పరిశీలించింది. మే 31న రాష్ట్ర ప్రభుత్వం కంట్లో వేసే చుక్కల మందును మినహాయించి కొన్ని రకాలకు అనుమతించింది. వాటితో కొవిడ్ తగ్గుతుందనడానికి నిర్ధారణ లేదని, హాని ఉన్నట్టు కనిపించలేదని, డాక్టర్లు ఇచ్చిన మందులు ఆపొద్దని చెప్పింది.

ఆ పది రోజుల్లో తేలిన సంగతి ఒకటుంది. నాటు మందును పరీక్షించడానికి, ఏది వాడొచ్చో ఏది వద్దో విడదీసి చెప్పడానికి ప్రభుత్వం దగ్గర యంత్రాంగం ఉంది. ఆ యంత్రాంగాన్ని కదిలించడానికి ఒక మహమ్మారి, హైకోర్టులో పిటిషన్లు, టీవీ కెమెరాలు కావాల్సి వచ్చాయి. మామూలు రోజుల్లో మామూలు ఊళ్లో ఇస్తున్న పసరును అలా చూసేవాళ్లు లేరు.

కామెర్లకు పసరు నిజంగా పనిచేస్తుందా?

చాలామందికి పసరు తాగాక కామెర్లు తగ్గడం నిజం. దానికి కారణం మాత్రం వేరే ఉండొచ్చు.

మన దగ్గర కలుషిత నీటి వల్ల వచ్చే కామెర్లలో ఎక్కువ హెపటైటిస్ ఏ, ఈ వైరస్‌ల వల్ల వస్తాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఇవి సాధారణంగా కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. విశ్రాంతి తీసుకుని, మద్యం మానేసి, నూనె తగ్గించి పథ్యం ఉంటే చాలు. పసరు పోసే మనిషి చెప్పే పథ్యమూ దాదాపు అదే. తగ్గాక పేరు పసరుకు వస్తుంది.

కామెర్లు జబ్బు కాదు, జబ్బు లక్షణం. హెపటైటిస్ బి, సి అయితే కళ్లు తెల్లబడినా వైరస్ కాలేయంలో ఉండిపోవచ్చు. ఏళ్ల తర్వాత సిరోసిస్, క్యాన్సర్‌గా బయటపడవచ్చు. పిత్తాశయంలో రాయి జారి నాళానికి అడ్డుపడినా, క్లోమంలో గడ్డ ఉన్నా కళ్లు పచ్చబడతాయి. వీటికి పసరుతో గడిపిన ప్రతి వారమూ చేజారిన సమయమే. ఇక గర్భిణికి హెపటైటిస్ ఈ సోకితే తల్లి ప్రాణానికే ముప్పు.

నేలఉసిరి మీద సైన్స్ చిన్నచూపు చూసిందనుకోవద్దు. హెపటైటిస్ బి వైరస్‌ను కనుక్కుని నోబెల్ అందుకున్న బరూచ్ బ్లూంబర్గ్, చెన్నై శాస్త్రవేత్తలతో కలిసి ఆ మొక్క మీద ప్రయోగం చేశారు. 1988లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. 30 రోజులు మందు తీసుకున్నవారిలో సగానికి పైగా మందికి వైరస్ గుర్తు కనిపించలేదని రాశారు. ప్రపంచం ఆశగా చూసింది. తర్వాత వేరే దేశాల్లో చేసిన పరీక్షల్లో అదే ఫలితం రాలేదు. మొక్క రకమా, మోతాదా, కోసిన కాలమా అన్న చర్చ చాలాకాలం నడిచింది. ‘మా తాత మందు’ను శాస్త్రం పట్టించుకోలేదన్న మాట పూర్తిగా నిజం కాదు. పట్టించుకుంది, పరీక్షించింది, ఖాయంగా పనిచేస్తుందని చెప్పలేకపోయింది.

ప్రభుత్వం 2018 జులై 28న జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. దీని కింద హెపటైటిస్ బి, సి పరీక్షలు, మందులు నిర్దేశిత ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. పసరు పోయించుకునే ముందు ఈ పరీక్ష చేయించమని చెబితే అమ్మ కాదనదు. ‘పసరు వద్దు’ అనడం కంటే ‘ముందు రక్తం చూపించండి’ అనడం తేలిక.

ఆకే కదా, హాని ఏముంటుంది?

ఈ నమ్మకం ప్రమాదకరం. ఔషధ నిబంధనల్లో ఈ-1 అనే షెడ్యూల్ ఉంది. దేశీ వైద్యంలో వాడే విష పదార్థాల జాబితా అది. ఉమ్మెత్త, గన్నేరు, గురివింద, నల్లజీడి, నేపాళం, ముష్టి, వసనాభి అందులో ఉన్నాయి. సగం మన చేను గట్టు మీద, కంచెల్లో కనిపించేవే. శుద్ధి చేసి, మోతాదు తెలిసి వాడాల్సినవి. ఈ పదార్థాలున్న మందును వైద్య పర్యవేక్షణలోనే వాడాలని లేబుల్ మీద హెచ్చరిక రాయాలి. గుడ్డలో కట్టి ఇచ్చే పొడికి లేబుల్ ఎక్కడిది?

ఇంకా లోతైన ఉదాహరణ గాడిదగడప ఆకు, ఈశ్వరి వేరు. మొదటిది నులిపురుగులకు, చర్మరోగాలకు. రెండోది విషానికి విరుగుడుగా పల్లెల్లో పేరున్నవి. రెండూ ఒకే జాతికి చెందిన మొక్కలు. ఆ జాతిలో ఉండే అరిస్టోలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, మూత్రనాళ క్యాన్సర్‌కు కారణమవుతుంది. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడటానికి మూలికల మందు వాడిన పదుల సంఖ్యలో మహిళల మూత్రపిండాలు పాడయ్యాక ఇది ప్రపంచానికి తెలిసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థంగా ప్రకటించింది. ఈ నష్టం వెంటనే కనిపించదు, ఏళ్లు పడుతుంది. అందుకే ఎంత అనుభవమున్న నాటు వైద్యుడికైనా తన కళ్లతో చూసి దీన్ని పసిగట్టడం సాధ్యం కాదు. ఆయన నిజాయతీని శంకించాల్సిన పని లేదు. తాగిన మనిషిని పదేళ్ల తర్వాత పట్టుకుని పరీక్షించే ఏర్పాటు ఆయన దగ్గర ఉండదు, అంతే.

మొక్క పొరపాటు మరో ముప్పు. కరోనా కాలంలో తిప్పతీగ విపరీతంగా వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిందని 2021లో ముంబయి వైద్యులు రాశారు. తిప్పతీగను పోలిన వేరే తీగ వాడి ఉంటారని ఆయుష్ మంత్రిత్వ శాఖ బదులిచ్చింది. ఏ వాదన సరైనదైనా మనకు పాఠం ఒకటే. తీగను గుర్తుపట్టడమే ఒక విద్య. ఆ విద్య తెలిసిన పెద్దలు తగ్గిపోతుంటే, యూట్యూబ్ చూసి గోడ మీది తీగను మరిగించుకునేవాళ్లు పెరుగుతున్నారు.

పాముకాటుకు మంత్రం, వేరు... ఎందుకు వద్దు?

శనగ చేలో, పత్తి చేలో, గడ్డివామి దగ్గర, రాత్రి మోటారు వేయడానికి వెళ్లే దారిలో. సీమ రైతుకు పాము ఎదురయ్యే చోట్లు ఇవి. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటు మరణాలపై జరిగిన పెద్ద అధ్యయనం ప్రకారం ఏటా సగటున 58,000 మంది చనిపోయారు. అత్యధిక మరణాలున్న 8 రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రాంతం ఒకటి. ఇళ్లకు వెళ్లి అడిగితేనే ఈ లెక్క తేలింది, ఎందుకంటే చాలామంది ఆసుపత్రి గుమ్మం ఎక్కకుండానే చనిపోతున్నారు.

‘ఫలానా ఆయన వేరు నాకిస్తే బతికినవాళ్లు ఎంతమంది లేరు?’ అని అడుగుతారు. ఉన్నారు. కరిచే పాముల్లో చాలావాటికి విషం ఉండదు. విషమున్న పాము కూడా ప్రతిసారీ విషం ఎక్కించదు. ఆ మనుషులు వేరు నాకకపోయినా బతికేవాళ్లే. విషం ఎక్కినవాళ్ల లెక్క వేరు. నాగుపాము, కట్లపాము విషం నరాలను పట్టేస్తుంది, ఊపిరి ఆగిపోతుంది. రక్తపింజరి, చిన్న పింజరి విషం రక్తం గడ్డకట్టే గుణాన్ని దెబ్బతీస్తుంది. ఈ నాలుగింటికీ కలిపి పనిచేసే విరుగుడు ఒక్కటే, యాంటీవీనం. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇవ్వాల్సిన మందు ఇది. కట్లపాము కాటు చాలాసార్లు నొప్పి కూడా పుట్టించదు, గాటు కనిపించదు. ‘ఏం కాలేదులే’ అని పడుకున్న మనిషి తెల్లారేసరికి లేవకపోవచ్చు.

మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలన్న లక్ష్యంతో కేంద్రం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. అదే ఏడాది నవంబరులో పాముకాటును తప్పనిసరిగా నమోదు చేయాల్సిన జబ్బుగా ప్రకటించమని రాష్ట్రాలను కోరింది.

మరి కట్టు వైద్యం?

చిత్తూరు వైపు పుత్తూరు కట్టు పేరు వినని సీమ మనిషి ఉండడు. బెణుకులకు, కదలని మామూలు విరుగుళ్లకు కట్టుతో ఊరట పొందేవాళ్లు ఉన్నారు. ఎముక కదలకుండా ఉంచితే అతుక్కుంటుందన్న సూత్రం ఆసుపత్రి పిండికట్టుకూ నాటు కట్టుకూ ఒకటే. ఎక్స్‌రే తీయకుండా కడితే ఎముక వంకరగా అతుక్కునే ప్రమాదం ఉంది. కట్టు బిగువై రక్తప్రసరణ ఆగితే చేయో కాలో కుళ్లిపోవచ్చు. కట్టు కట్టాక వేళ్లు చల్లబడినా, నీలంగా మారినా, మొద్దుబారినా, నొప్పి పెరుగుతూ పోయినా గంటలు లెక్కపెట్టకుండా కట్టు విప్పించి ఆసుపత్రికి వెళ్లాలి.

తేడా వస్తే బాధ్యత ఎవరిది?

చాలామంది ఆలోచించని ప్రశ్న ఇది. వినియోగదారుల చట్టం డబ్బు తీసుకుని అందించే సేవకే వర్తిస్తుంది. ఉచితంగా మందు ఇచ్చిన మనిషి మీద అక్కడ కేసు నిలవదు. డబ్బు తీసుకున్నా బిల్లు, చీటీ ఉండవు. ఇచ్చింది ఏ మందో రుజువు ఉండదు.

ప్రాణం పోతే క్రిమినల్ కేసు ఉంటుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ ప్రకారం నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే 5 ఏళ్ల వరకు జైలు. రిజిస్టరైన వైద్యుడు చికిత్సలో అలా చేస్తే గరిష్ఠం 2 ఏళ్లు. నాటు వైద్యుడికి ఆ తగ్గింపు లేదు. మేలు చేద్దామని మందిచ్చిన ఊరి పెద్దాయన ఒక్క పొరపాటుతో డాక్టరు కంటే పెద్ద శిక్షకు గురికావచ్చు. అటు రోగి కుటుంబానికి పరిహారమూ రాదు. ఇద్దరికీ రక్షణ లేదు.

అడవి కూడా తరుగుతోంది

వేసవిలో మనం ఇష్టంగా తాగే నన్నారి సంగతి చూడండి. దానికి వాడే మారెడు కొమ్ములను మొక్కతో సహా తవ్వేస్తారు. వేరు తీశాక మొక్క మిగలదు. గిరాకీ పెరిగేకొద్దీ కొండల్లో అది అరుదైపోతోంది. కడప, తిరుపతి కొండల్లో మాత్రమే పెరిగే పేరిత చెట్టు కాయలను బలానికి మందుగా కోసేవారు. ఇప్పుడా చెట్టు అంతర్జాతీయ వాణిజ్య నిషేధ జాబితాలో ఉంది. ఎర్రచందనం గురించి చెప్పనక్కర్లేదు. వాపుకు అరగదీసి పట్టు వేసే చిన్న చెక్కముక్క కూడా, ఎక్కడిదో లెక్క చెప్పలేకపోతే, కేసు దాకా తీసుకెళ్లవచ్చు.

మధ్యేమార్గం ఉందా?

నాటు వైద్యులందరికీ డాక్టరు హోదా ఇవ్వడం కుదిరే పని కాదు, ఇవ్వకూడదు కూడా. అలాగని పట్టుకుని లోపలేస్తే రోగులు ఆసుపత్రికి వస్తారనుకోవడం భ్రమ. చాటుగా వెళ్తారు, ఆలస్యంగా వస్తారు, ఏం తాగారో డాక్టరుకు చెప్పరు.

క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, బెంగళూరులోని ఎఫ్‌ఆర్‌ఎల్‌హెచ్‌టీ సంస్థ కలిసి సంప్రదాయ వైద్యులకు స్వచ్ఛంద ధ్రువీకరణ పథకం తెచ్చాయి. ఎముకల కట్టు, సాధారణ రుగ్మతల లాంటి పరిమిత విభాగాల్లో వాళ్లకు తెలిసిందాన్ని పరీక్షించి పత్రం ఇస్తారు. అది ప్రాక్టీసు హక్కు ఇవ్వదు. కానీ ఎవరికి ఎంతవరకు తెలుసన్న లెక్క మొదటిసారి కాగితం మీదికి వస్తుంది.

ఇంకో దారి తమిళనాడులో కనిపిస్తుంది. ఇరుళ గిరిజనులు తరతరాలుగా పాములు పట్టేవాళ్లు. 1970ల్లో పాము చర్మాల వ్యాపారం ఆగిపోయి వాళ్ల బతుకు ఆగింది. 1978లో చెన్నై దగ్గర వాళ్ల సహకార సంఘం పుట్టింది. అటవీ శాఖ అనుమతితో పాములు పట్టి, విషం తీసి, తిరిగి అడవిలో వదులుతారు. మన దేశంలో యాంటీవీనం తయారీకి వాడే విషంలో పెద్ద భాగం వాళ్లు తీసిందే. 2023లో ఇద్దరు ఇరుళ నిపుణులకు పద్మశ్రీ వచ్చింది. ఆత్మకూరులో పాము కరిచిన మనిషికి ఎక్కించే సీసాలో ఒక గిరిజన విద్య కూడా ఉందన్నమాట. ఆ విద్యకు వైద్యం చేసే హక్కు ఇవ్వలేదు, వైద్య వ్యవస్థలో ఒక పని ఇచ్చారు.

కర్నూలు, కడపలకూ ఈ ఆలోచన వర్తిస్తుంది. పాము కరిచినవాళ్లను, కామెర్లొచ్చిన గర్భిణిని మొదట చూసేది చాలాసార్లు నాటు వైద్యుడే. ఆయన ఫోన్‌లో పీహెచ్‌సీ డాక్టరు నంబరు ఉందా? ఏ లక్షణం కనిపిస్తే తాను ముట్టుకోకుండా పంపాలో ఆయనకు ఎవరైనా కూర్చోబెట్టి చెప్పారా? పంపితే అక్కడ ఆయన్ను అవమానించకుండా రోగిని చేర్చుకుంటారా? వీటికి కొత్త చట్టం అక్కర్లేదు. జీవవైవిధ్య రిజిస్టర్‌లోని పేర్లను మండల వైద్యాధికారి ఒకసారి చూసి, ఆ మనుషులను పిలిచి, అరపూట మాట్లాడితే మొదలవుతుంది.

అంతవరకు మీరు చేయగలిగింది

* ఏం తాగారో దాచొద్దని ఇంట్లో చెప్పండి. ఆకు, పొడి మిగిలితే ఫొటో తీసి, కొంచెం తీసుకెళ్లి డాక్టరుకు చూపండి.
* షుగరు, బీపీ, మూర్ఛ, గుండె మందులు, రక్తం పలచబడే మందులు వాడుతున్నవాళ్లు వాటిని ఆపి పసరు మొదలుపెట్టకూడదు. కలిపి వాడినా డాక్టరుకు చెప్పాలి.
* కామెర్లొస్తే ముందు రక్త పరీక్ష. మగత, తికమక మాటలు, ఆగని వాంతులు, రక్తం పడటం, పొట్ట ఉబ్బడం కనిపిస్తే అదే రోజు పెద్దాసుపత్రి. గర్భిణి అయితే లక్షణాల కోసం ఆగొద్దు.
* పాము కరిస్తే కోయొద్దు, పీల్చొద్దు, తాడు బిగించొద్దు. కరిచిన భాగాన్ని కదలనీయకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి.
* వాతలు పెట్టడానికి, పసిపిల్లలకు ముక్కులో కంట్లో పసరు వేయడానికి ఒప్పుకోవద్దు.
* దేశీ మందే కావాలనుకుంటే దగ్గరి ప్రభుత్వ ఆయుష్ డిస్పెన్సరీకి వెళ్లండి. రిజిస్టరైన వైద్యుడు ఉంటారు, మందు ఉచితం, చీటీ ఉంటుంది.
* మందు వికటిస్తే డాక్టరుకు చెప్పడంతో పాటు జాతీయ టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024కు తెలపండి.

ఇక అమ్మ ఫోన్‌కు ఏం జవాబు చెప్పాలి? ‘‘పసరు సంగతి తర్వాత చూద్దాంలేమ్మా. రేపు పొద్దున నాయన్ను పెద్దాసుపత్రికి తీసుకుపో, రక్తం పరీక్ష చేయించు. రిపోర్టు నాకు పంపు. ఆ పసరాయన నంబరు కూడా ఇయ్యి, ఆయనతో నేనూ మాట్లాడతా.’’ ఆ చివరి మాట వదిలేయకండి. ఆయన ఏ ఆకు వాడుతున్నాడో అడిగిన మొదటి మనిషి బహుశా మీరే అవుతారు.